నిప్పు చాలని చోట పొగ

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత రచ్చబండ మీద పుకార్ల గురించి మాట్లాడుకోవడానికి బాగానే పనికొస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం అది సగమే నిజం. మిగతా సగం వంట చేసేవాళ్ల కళ్లకు తెలుసు: నిప్పు చాలకపోతేనే పొగ వస్తుంది. కట్టె నేరుగా మండదు. సెగ తగలగానే ముందు అందులోని తడి ఆవిరైపోతుంది. తర్వాత కట్టె లోపలి పదార్థం విడిపోయి వాయువులుగా బయటికి వస్తుంది. మనం మంట అని చూసేది ఆ వాయువులు గాలితో కలిసి కాలడమే. ఎండిన కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా ఇలా వాయువుగానే పోతుంది. మిగిలిన పావు బొగ్గై, కణికలై కాలుతుంది. వాయువు పుట్టిన చోట తగినంత వేడి, తగినంత గాలి ఉంటే అది మంటవుతుంది. ఈ రెంటిలో ఏది కొరవడినా కాలకుండానే పైకి లేచి, చల్లబడి, కళ్లు మండించే పొగవుతుంది. కాబట్టి పొగ అంటే మన చేతికి దక్కకుండా పారిపోయిన కట్టె. గిన్నె అడుగుకు చేరాల్సిన సెగే కప్పుకు మసిగా, ఊపిరితిత్తులకు రోగంగా చేరుతోంది. పొయ్యిని క్షేమంగా వాడుకోవడం, పొదుపుగా వాడుకోవడం అని రెండు పాఠాలు నేర్చుకోనక్కర్లేదని ఈ అధ్యాయం వాదన. పొగ తగ్గించేది ఏదైనా కట్టెనూ మిగులుస్తుంది, అది కొత్త పొయ్యి కొనడం కన్నా నిప్పును నడిపే తీరులో ఎక్కువగా ఉంది.

ఈ మాటను గాలిలో కాకుండా ఒక ఊరి నేల మీద నిలబెట్టి చూద్దాం. రాయచూరు తాలూకాలోని ఇడపనూరు కృష్ణా తుంగభద్రల నడుమ అంతర్వేదిలోది. తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో వినిపించే సరిహద్దు సీమ. ఇక్కడి వంటచెరకు అడవి నుంచి వచ్చేది తక్కువ. చేను నుంచీ గట్ల నుంచీ వచ్చేదే ఎక్కువ: పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె, పశువులున్న ఇంట పిడకలు, వాగుల వెంటా బీళ్లలోనూ అల్లుకున్న సర్కారు తుమ్మ. ఈ సర్కారు తుమ్మను కన్నడంలో బళ్లారి జాలి అంటారు. పేరును బట్టి బళ్లారిదే అనుకుంటాం గానీ, ఇది అమెరికా ఖండం వైపు నుంచి వచ్చిన చెట్టు. 1870ల్లో విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారు. వంటచెరకు కరువు తీరుతుందనే ఆశతో ప్రభుత్వమే పెంచిన చెట్టు కనకే సర్కారు తుమ్మ అయింది. ఆ కరువు తీర్చిన మాట నిజమే, చేలను ఆక్రమించిన మాటా నిజమే. గ్యాసు బండ ఇంట్లో ఉన్నా, స్నానాల నీళ్లకూ జొన్నరొట్టెకూ కట్టెపొయ్యి మీదే ఆధారపడే కుటుంబాలు ఈ సీమలో ఎన్నో. వారి కోసం రాసేవాళ్లు సాధారణంగా రెండే మాటలు చెబుతారు: గ్యాసుకు మారండి, లేదా పొగలేని పొయ్యి కట్టించుకోండి. రెండూ మంచి సలహాలే. కానీ రెండోది డెబ్భై ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. అది ఎందుకు నిలవలేదో చూడకుండా మళ్లీ అదే చెప్పడం దండగ.

1953లో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి.రాజు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అనే చిన్న పుస్తకం వేశారు. మట్టితో ఇంట్లోనే కట్టుకోగల పొయ్యి, వరుసగా గిన్నెలు పెట్టుకునే కంతలు, చివర పొగగొట్టం. ఇదీ ఆయన నమూనా. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. అంటే ఇడపనూరు వంటింటికి మందు తన రాజధానిలోనే తయారైంది. 1956 నవంబరు 1న జిల్లా కన్నడ రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి చొరవతో 1974లో మొదలైన ఆస్త్రా విభాగం మరో పొయ్యిని రూపొందించింది. దాని పేరే ఆస్త్రా ఒలె. కన్నడంలో ఒలె అంటే పొయ్యి. మూడు గిన్నెలు ఒక్క మంట మీద ఉడికే ఆ పొయ్యి ప్రయోగశాలలో మామూలు పొయ్యికి రెండింతలకు పైగా సెగను గిన్నెకు అందించింది. అటు పాత రాజధాని, ఇటు కొత్త రాజధాని, రెండూ మంచి పొయ్యిలనే ఇచ్చాయి. కేంద్రం 1980ల మొదట్లో జాతీయ కార్యక్రమంగా తలకెత్తుకుని 2002 దాకా నడిపి, దేశమంతటా మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచింది. ఇంత చేసినా ఊళ్లలో పొగ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చూపిన మంచి సాక్ష్యం ఒడిశా నుంచి వచ్చింది. ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రెమా హన్నా దాదాపు 2,600 కుటుంబాలను నాలుగేళ్ల పాటు గమనించారు. పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిలు కట్టించిన ఇళ్లలో మొదటి ఏడు ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ తేడా మాయమైంది, కట్టెల వాడకమూ తగ్గలేదు. కారణం పొయ్యి నమూనాలో లేదు. గొట్టంలో మసి పేరుకున్నా దులిపినవారు లేరు, పగుళ్లు వచ్చినా అలికినవారు లేరు, క్రమంగా దాని మీద వంటే తగ్గిపోయింది. పొయ్యి ఇంటికొచ్చింది, దాన్ని నడిపే అలవాటు రాలేదు. దీనికి మరో వైపు సాక్ష్యం కూడా ఉంది. అశ్రద్ధగా నడిపిన మూడురాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే సెగలో పది, పదిహేను శాతమే గిన్నెకు అందుతుంది. అదే పొయ్యిని ఎండుకట్టెతో, గాలి తగలని చోట, శ్రద్ధగా నడిపితే ఇరవై శాతం దాటుతుంది. ఆ తేడా కొనడానికి పైసా ఖర్చు లేదు.

ఆ శ్రద్ధలో ఎక్కువ భాగం పొయ్యి వెలిగించక ముందే జరగాలి. పచ్చికట్టెలో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి. కిలో పచ్చికట్టె పొయ్యిలో పెట్టామంటే అరకిలో కట్టె, అరలీటరు నీళ్లు పెట్టామన్నమాట. ఆ అరలీటరు ఆవిరైపోవడానికి పట్టే వేడితో నాలుగు లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. మామూలు పొయ్యిలో ఆ అరకిలో కట్టె గిన్నెకు అందించే సెగ కన్నా, తన తడిని తాను ఆర్చుకోవడానికి తినేసే సెగే ఎక్కువని లెక్క తేలుతుంది. అంతేకాదు, ఆ ఆవిరి పొయ్యి లోపలి వేడిని దించేస్తుంది కాబట్టి వాయువులు అంటుకోక పొగై పోతాయి. పచ్చికట్టె కుయ్యిమని, చివర నురగ కక్కుతూ కాలుతున్నప్పుడు మన కళ్ల ముందు జరుగుతున్నది ఇదే. రాయచూరు ఎండల గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఎండను తిట్టుకోవడంతో సరిపెట్టకుండా కట్టె మీదికి మళ్లించాలి. మొద్దును మొద్దుగా ఎండబెడితే బెరడు తడిని పట్టుకుని ఉంటుంది. బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా పేళ్లుగా చీల్చి ఎండబెడితే లోపలి దాకా ఆరుతుంది. నేల మీద కాకుండా రెండు రాళ్ల మీద, పేడుకూ పేడుకూ మధ్య గాలి ఆడేటట్టు పేర్చాలి. మృగశిర కార్తెకు ముందే పైన రేకో పాత టార్పాలినో కప్పాలి. పక్కలు మాత్రం మూయకూడదు. ఎండిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. రెండు పేళ్లను ఒకదానికొకటి కొడితే ఎండినవి ఖణేల్‌మంటాయి, తడివి మొద్దుగా పలుకుతాయి. ఎండిన పేడు కోసిన చివర నెర్రెలు విచ్చి ఉంటుంది. ఆ రోజు కావలసిన కట్టెను ముందు రాత్రే చల్లారుతున్న పొయ్యి పక్కన పెట్టుకుంటే చివరి తడి కూడా పోతుంది. పొయ్యి మీద, మంటకు అందేంత దగ్గరగా మాత్రం పెట్టకూడదు.

ఏ కట్టె ఏ పనికి అన్నది కూడా తెలిసి ఉండాలి. సర్కారు తుమ్మ బరువైన కట్టె, కణిక చాలాసేపు నిలుస్తుంది; పప్పుకూ నీళ్లకూ అదే మేలు. కందికట్టె చటుక్కున అంటుకుని పెనం అంతా పరుచుకునే మంటనిస్తుంది, రొట్టెలకు అంతకన్నా మంచిది లేదు. పత్తికట్టెకు ఒక మెలిక ఉంది. చేలో ఏరకుండా మిగిలిన కాయలతో సహా కట్టెను ఇంటి వెనక వామి వేస్తే, ఆ కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట దాకా బతుకుతుంది. అందుకే వ్యవసాయ శాఖలు ఏటా పత్తికట్టెను నిల్వ పెట్టవద్దని మొత్తుకుంటాయి. వంటకు వాడేవాళ్లు ఎండిన కాయలను దులిపి ముందే కాల్చేసి, పత్తికట్టెను వేసవిలోనే ఖర్చు చేసి, తుమ్మ పేళ్లను వానాకాలానికి దాచుకోవడం చేనుకూ వంటింటికీ మంచిది. గన్నేరు కొమ్మలు పొయ్యిలో పెట్టకూడదు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన పాత తలుపుల చెక్క, ప్లైవుడ్ ముక్కలు కూడా వద్దు. ఇక నిప్పు రాజేయడానికి పాలపాకెట్టో క్యారీబ్యాగో ముట్టించడం ఇప్పుడు అన్ని ఊళ్లలో అలవాటైంది. ఆ ఒక్క నిమిషపు సుఖానికి ఇల్లంతా నిండే పొగ, కట్టెపొగ కన్నా చెడ్డది. గుప్పెడు కందిపుల్లలు, ఎండు కొబ్బరిపీచు, జొన్నసొప్ప ముక్కలు ఉండగా ప్లాస్టిక్ ఎందుకో అర్థం కాదు.

నిప్పు అంటుకున్నాక చేసే తప్పుల్లో పెద్దది పొయ్యి నిండా కట్టె కుక్కడం. ఎక్కువ కట్టె పెడితే ఎక్కువ సెగ వస్తుందని అనిపిస్తుంది. వచ్చేది ఎక్కువ వాయువు. గాలి మాత్రం పొయ్యి మూతి ఎంత ఖాళీగా ఉంటే అంతే లోపలికి వెళుతుంది. మూతిని కట్టెతోనే మూసేస్తే వాయువుకు గాలి అందదు. మూడు నాలుగు సన్నపేళ్లు, వాటి కొసలు మాత్రమే మంటలో, కొసలు కాలేకొద్దీ ఎగదోసుకుంటూ పోవడం: వంట అంతా ఈ ఒక్క కదలికలో ఉంది. పాతకాలపు వంటలవాళ్లు కూర మీద ఎంత కన్నేసేవారో కట్టె కొసల మీద అంత కన్నేసేవారు. బూడిద మీద అడ్డంగా పడి ఉన్న కట్టెకు కింది నుంచి గాలి రాదు. నాలుగైదు ఇనుప చువ్వల జల్లెడ ఒకటి పొయ్యి అడుగున రెండు వేళ్ల ఎత్తులో ఉంచితే గాలి కింది నుంచి కణికల్లోంచి వేడెక్కి పైకి వస్తుంది. మెరుగైన పొయ్యిలన్నింటి రహస్యంలో సగం ఈ చువ్వలే. పాత సైకిలు స్టాండు ముక్కలతోనైనా చేసుకోవచ్చు. రోజూ బూడిద తీయకపోతే మాత్రం వారంలో ఆ ఖాళీ పూడిపోతుంది, ఒడిశా కథ మళ్లీ మొదలవుతుంది. మాటిమాటికీ ఊదుగొట్టం అందుకోవాల్సి వస్తోందంటే ఊపిరి చాలక కాదు, కట్టె తడిదో, మూతి మూసుకుపోయిందో, బూడిద నిండిందో చూసుకోవాలని అర్థం. గిన్నె ఎత్తు కూడా లెక్కలోదే. చల్లని గిన్నె అడుగు మంట మొదట్లోనే తగిలితే కాలడం పూర్తికాని వాయువు అక్కడే చల్లబడి మసై అంటుకుంటుంది. మరీ ఎత్తుగా ఉంటే సెగ పక్కలకు పోతుంది. మంట కొస గిన్నెను నాకుతున్నట్టు ఉండాలి. సరిగ్గా ఉందో లేదో గిన్నె అడుగే చెబుతుంది: పలచని బూడిదరంగు మసి ఉంటే కాలడం బాగుంది, చేతికి జిగటగా అంటుకునే నల్లని కీలు ఉంటే కట్టె వృథా అవుతోంది.

గిన్నె పైన జరిగే నష్టం ఎవరి కంటా పడదు. నీళ్లు ఒకసారి మరిగాక ఎంత మంట పెట్టినా మామూలు గిన్నెలో వేడి పెరగదు, ఆవిరి పెరుగుతుంది. తెర్లుతున్న ఎసట్లోనూ, సన్న సెగ మీద చిన్నగా కదులుతున్న ఎసట్లోనూ బియ్యం ఒకే వేగంతో ఉడుకుతాయి. ఒక లీటరు నీరు ఆవిరై పోయిందంటే ఏడు లీటర్ల చన్నీళ్లను మరిగించే సెగ గాలిలో కలిసిందన్నమాట. మూత పెట్టమనీ, ఎసరు మరగగానే రెండు పేళ్లు వెనక్కి లాగమనీ చెప్పేది అందుకే. కందిపప్పును వంటకు ముందు గంటో రెండు గంటలో నానబెడితే పొయ్యి మీద ఉండే సమయం బాగా తగ్గుతుంది. నానడానికి కట్టె అక్కర్లేదు. ప్రెషర్ కుక్కరు కట్టెపొయ్యికి పనికిరాదనుకోవడం అపోహ, అడుగున మట్టి పూసి పెడితే మసి కూడా సులువుగా పోతుంది. ముప్పాతిక ఉడికిన అన్నాన్ని మూతతో సహా గంపలో ఎండుగడ్డి మధ్య కూరి, పైన గొంగడి కప్పి వదిలేస్తే మిగతా పావు దానంతటదే ఉడుకుతుంది. ఒక గిన్నె కింద కాలే మంట పక్కల నుంచి పోతుంటే పట్టుకోవడానికి మన పెద్దలు కోడిపొయ్యి కనిపెట్టారు. పెద్ద కంతలో వంట, కోడిపొయ్యి మీద నీళ్లు. రాజు నమూనాలోనూ ఆస్త్రా ఒలెలోనూ ఉన్న తెలివికి వేరు ఈ పాత కోడిపొయ్యిలోనే ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని కొలతలతో బిగించారు.

పొగగొట్టం గురించి ఒక భ్రమ తొలగించుకోవాలి. గొట్టం పొగను పుట్టకుండా ఆపదు, వంటింట్లోంచి వాకిట్లోకి పంపుతుంది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఊళ్లో మీ పొగ పక్కింటి కిటికీలోంచి వెళుతుంది, వారిది మీ ఇంటికొస్తుంది. అందుకే గొట్టం ఉన్నా ఎండుకట్టె, సన్నపేళ్లు అన్న నియమాలు అలాగే ఉంటాయి. అయినా గొట్టం విలువ తక్కువేం కాదు, వంట చేసే మనిషి ముఖానికీ పొగకూ మధ్య దూరం పెంచుతుంది. అది కప్పుకు పైన రెండు అడుగులైనా లేవాలి, వాన పడకుండా పైన టోపీ ఉండాలి, కప్పులో దిగే చోట గడ్డిగానీ చెక్కగానీ తగలకూడదు. నెలకోసారి కర్రకు గోనెగుడ్డ చుట్టి మసి దులపాలి. ఏ నెలకు ఎవరు దులపాలో ముందే అనుకోకపోతే ఎవరూ దులపరు. గొట్టం లేని మట్టిమిద్దెల్లో కప్పున గవాక్షి ఉంటుంది. వాన భయంతో దాన్ని బండతో మూసేసి మరిచిపోయిన ఇళ్లు కనీసం వంట వేళకైనా తెరవాలి. ఎదురెదురుగా తలుపూ కిటికీ ఉంటే గాలి నేరుగా పొయ్యి మూతిని కొట్టకుండా అడ్డంగా మోకాలెత్తు గోడ చాలు. వంట వేళ చంటిపిల్లలను చంకన పెట్టుకోకపోవడం కన్నా చవకైన రక్షణ మరొకటి లేదు.

పొగ లేకపోతే ప్రమాదం లేదని కూడా అనుకోకూడదు. ఎర్రని కణికలు పొగ విడవవు గానీ కార్బన్ మోనాక్సైడ్ విడుస్తాయి. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, మత్తు తర్వాత స్పృహ పోతుంది. బాలింత గదిలో తలుపులు బిగించి మంచం కింద కుంపటి పెట్టే ఆచారం తల్లికీ పసిబిడ్డకూ ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. కుంపటి బయట రాజేసి, గది వేడెక్కాక తీసేయాలి. నిద్రపోయే గదిలో రాత్రంతా ఉంచకూడదు. కాలిన గాయాల సంగతి వేరు. ఆరిపోతున్న పొయ్యి మీద కిరోసిన్ చల్లితే అది కణికల వేడికి క్షణంలో ఆవిరై భగ్గుమంటుంది. డబ్బా చేతిలోనే అంటుకుంటుంది. నైలాన్, పాలిస్టర్ చీరలు కరిగి ఒంటికి అతుక్కుంటాయి కాబట్టి పొయ్యి దగ్గర నూలుచీర, కొంగు బొడ్లో దోపుకోవడం అన్నవి చాదస్తం కింద కొట్టేయదగ్గవి కావు. బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు, మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి, పక్కవాళ్లు గొంగడి కప్పాలి. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత బోర్లించాలి. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు మామూలు చన్నీళ్లు ధారగా పోయాలి, వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీయాలి, శుభ్రమైన పలచని గుడ్డ కప్పి పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయాలి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, ఐసుముక్కలు ఏవీ వద్దు. ఇక బూడిద: పైకి చల్లగా ఉన్న కుప్పలో కణిక మర్నాటి దాకా బతికి ఉండగలదు. వేసవి గాలికి అది గడ్డివామిని చేరితే ఏమవుతుందో పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. నీళ్లు చల్లిన తర్వాతే పెంటకుప్ప మీద వేయాలి.

ఇంత విన్నాక కూడా కొందరికి ఒక సందేహం మిగులుతుంది: మా అవ్వ తొంభై ఏళ్లు ఇదే పొగలో వండింది, ఏమైంది? ఏమీ కాకుండా బతికిన అవ్వ కళ్ల ముందు ఉంటుంది. నిమోనియాతో పోయిన పసివాళ్లు, దగ్గుతో నలభైల్లోనే కుంగిపోయిన ఆడవాళ్లు కళ్ల ముందు ఉండరు, ఉన్నా వారి కథలో పొయ్యి పేరు రాదు. 2020లో ఇంటి లోపలి వంటపొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని, వారిలో 2 లక్షల 37 వేల మంది ఐదేళ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగకు దోమలు రావనే మాటకూ గట్టి ఆధారం లేదు. వంటపొగ ఉన్న ఇళ్లలో మలేరియా తగ్గుతుందని పరిశోధనలు నిరూపించలేకపోయాయి. పూరికప్పుకు పొగ పట్టిస్తే పురుగు పట్టదన్నది మాత్రం నిజమే, కానీ ఇప్పుడు మన నెత్తిన ఉన్నది పూరి కాదు, రేకో సిమెంటో. కట్టె ఉచితం కదా అనేవారు మోపు కోసం తిరిగిన గంటలకు పత్తి ఏరే కూలి రేటు కట్టి చూసుకోవాలి. రుచి విషయంలో మాత్రం వాదించను. కణికల మీద పొంగిన జొన్నరొట్టె రుచి గ్యాసు మంట మీద రాదు. అయితే ఆ రుచి ఇచ్చేది కణిక, పొగ కాదు. రొట్టెకు పొగ పడితే అది చేదే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. గ్యాసు కనెక్షన్లిచ్చే ఉజ్వల పథకం 2016లో వచ్చింది, సరిహద్దుకు అటు ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లోనే వచ్చింది. ఇంకా కట్టెపొయ్యిని బాగు చేసుకోమని చెప్పడం ఆడవాళ్లను పొగలోనే కూర్చోబెట్టడం కాదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు, ఎందుకంటే సాక్ష్యం చాలావరకు అడిగేవారి వైపే ఉంది. గ్వాటెమాలాలో పొగగొట్టం పొయ్యిలతో జరిపిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. పిల్లలకు సోకే కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గింది, తీవ్రమైన నిమోనియాలో దాదాపు మూడో వంతు తగ్గింది, అయినా మొత్తం నిమోనియా కేసుల్లో గట్టిగా చెప్పగల తేడా రాలేదు. మలావీలో ఫ్యాను అమర్చిన పొయ్యిలు ఇచ్చి చేసిన ప్రయోగంలో పిల్లల నిమోనియా అసలు తగ్గలేదు. అంటే ఎంత శ్రద్ధగా నడిపినా కట్టెపొయ్యి గ్యాసుకు సాటిరాదు. గర్భిణి, చంటిపిల్ల, ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో లోపలి వంట గ్యాసు మీదే జరగాలి, దానికి మినహాయింపు లేదు. కానీ బండ వచ్చినంత మాత్రాన కట్టెపొయ్యి ఆరిపోలేదన్నది కూడా సాక్ష్యమే. దేశంలో 58.6 శాతం కుటుంబాలే ప్రధానంగా శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది; పల్లెల్లో అది సగం కూడా లేదు. బండ ఉన్నవాళ్లు కూడా దాన్ని పొదుపుగా, పండగకో చుట్టాలకో దాచుకుని వాడతారు. ఈ వాడకాన్ని తిరగేయవచ్చు. పొద్దున్నే టీ, పిల్లల పాలు, రాత్రి కూర వంటి చిన్న వంటలు, ఇంటి లోపల చేసేవన్నీ గ్యాసు మీద. స్నానాల నీళ్లు, పశువుల దాణా, పదిమందికి రొట్టెలు వంటి పెద్ద పనులు బయట సాయబాన్లో కట్టెల మీద. 14.2 కిలోల బండ గిన్నెకు ఇచ్చే సెగ కోసం అశ్రద్ధగా నడిపిన కట్టెపొయ్యికి రెండు క్వింటాళ్ల ఎండుకట్టె కావాలి. నీళ్లకు నల్లరంగు డ్రమ్ము ఎండలో పెట్టినా రాయచూరులో ఏడాదిలో చాలా నెలలు సాయంత్రపు స్నానానికి పొయ్యే అక్కర్లేదు.

ఇప్పుడు చెప్పిన పనుల జాబితా వంటింటి ఆడమనిషి నెత్తిన పడితే ఈ అధ్యాయం ఒక అన్యాయం చేసినట్టే. గమనించి చూస్తే ఇందులో పొయ్యి ముందు కూర్చుని చేసేవి తక్కువ. మొద్దులు చీల్చడం, వామి పేర్చడం, చువ్వల జల్లెడ చేయించడం, కప్పెక్కి గొట్టం దులపడం, గవాక్షి బండ తీయడం, ఇవన్నీ గొడ్డలి పట్టే చేతులవి. కట్టె ఎండలేదని తిట్టుకుంటూ వండేది ఒకరు, ఎండబెట్టవలసింది మరొకరు కావడమే చాలా ఇళ్లలో పొగకు అసలు కారణం. కొత్తగా ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు మోపును తూచి పెట్టండి. ధాన్యం తూచే కొక్కెం త్రాసు చాలు. రోజూ పొయ్యిలోకి పోయిన కట్టె ఎన్ని కిలోలో గోడ మీద బొగ్గుతో రాయండి, పక్కనే ఆ పూట ఎంతమందికి వండారో రాయండి. తర్వాతి వారం పేళ్లు సన్నగా చీల్చి, మూత పెట్టి, ఎసరు మరగగానే కట్టె వెనక్కి లాగి అదే లెక్క రాయండి. రెండు వారాల అంకెలు గోడ మీద పక్కపక్కనే ఉంటాయి, గిన్నె అడుగు మసి రంగు కూడా అప్పటికి మారి ఉంటుంది.